ఎంతసేపో చెప్పే అత్త

మొన్న ఆదివారం మా ఇంట్లో అండమాన్ మీద పెద్ద పంచాయితీ నడిచింది. కూతురూ అల్లుడూ సెలవులకు అక్కడికి పోదామనుకున్నారు. పోవడం గురించి తగాదా లేదు. అక్కడ ఏదో ఒక చిన్న దీవి ఉందట, దాంట్లో ఎన్ని రోజులుండాలన్నదే తగాదా. అల్లుడు రెండు రోజులు చాలంటాడు. కూతురు నాలుగు రోజులు కాకపోతే పెట్టె సర్దనే సర్దనంటుంది. ఇద్దరూ ఫోన్లు పట్టుకుని, అక్కడికి పోయి వచ్చిన ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిందంతా ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు. చివరికి "నువ్వు చెప్పమ్మా" అని నా మీద పడ్డారు. నేను బుద్ధెరిగాక చూసింది ఒకే ఒక్క దీవి, అదీ ధర్మవరంలో. ఆ మాట అంటే ఇద్దరూ తగాదా మానేసి నన్ను చూసి నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అత్త గుర్తొచ్చింది. ఎంతసేపు, ఎన్ని రోజులు అన్న మాట ఎక్కడ వినపడినా నాకు ఆమే గుర్తొస్తుంది.

అత్త అంటే మా అత్తగారు కాదు. మా అత్తగారి సంగతి వేరే, అది ఇన్ని కాగితాల్లో తేలేది కాదు. ఈమె మా వీధి చివరింట్లో ఒంటరిగా ఉండే మనిషి, అప్పటికే యాభై దాటింది. మా ఆయనకు పెద్దమ్మ వరస, కాబట్టి నాకు అత్త. వీధిలో ఎవరి వరస వాళ్లది. అక్కా అనేవాళ్లు, పిన్నమ్మా అనేవాళ్లు, వదినా అనేవాళ్లు. అందరూ రోజుకు పదిసార్లు కేక వేసేవాళ్లే.

ఎందుకంటే ఆమె పని పడుగులు అతకడం. మా నాయన మగ్గం వదిలేసి ఉరవకొండ దిక్కున చెనిక్కాయల చేను పట్టుకున్నవాడు. అందుకని డెబ్బైల మొదట్లో ధర్మవరం పట్టుమగ్గాల ఇంటికి కోడలిగా వచ్చేదాకా ఇట్లాంటి పని ఒకటుందని నాకు తెలియదు. పడుగంటే మగ్గం మీది నిలువు పోగులు. ఒక పడుగుకు మూడు చీరలు వస్తాయి. మూడో చీర కోసేశాక, మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటే చేర్చి అతకాలి. తలవెంట్రుక కన్నా సన్నని పోగులు, వేలల్లో ఉంటాయి. ముడి వెయ్యకూడదు, ముడి పడితే ముందుకు జారదు. వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్క మెలి తిప్పితే, రెండూ ఒకే పోగని పట్టుపురుగు కూడా భ్రమపడాలి. అత్త మగ్గం ముందు ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మెలి తిప్పేది. పెదాలు కదలకుండా ఆకువక్క నమిలేది. వేళ్ల వైపు అసలు చూసేదే కాదు, మా మొహాలు చూసేది.

అట్లా తిప్పీ తిప్పీ ఆమె బొటనవేళ్లు నున్నగా అరిగిపోయాయి. ఒకసారి రేషన్ కార్డు కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారు. నేను తోడు పోయాను. సిరాలో ముంచి ఒత్తితే కాగితం మీద గుండ్రటి నల్ల మచ్చ పడింది, ఒక్క గీత లేదు. గుమాస్తా మళ్లీ ఒత్తించాడు. మళ్లీ మచ్చే. "ఏమ్మా, నీకు ముద్ర ల్యా?" అన్నాడు. అత్త తన వేలిని ఒకసారి, అతన్ని ఒకసారి చూసి, "నా ముద్రంతా ఊళ్లో వాళ్ల పెండ్లాలు కట్టుకోని తిరుగుతాండారప్పా, కావాలంటే పోయి చీరలు చూసుకోండి" అంది. అతను నవ్వి, కాలి బొటనవేలితో వేయించుకున్నాడు.

పడుగు అయిపోయిందంటే మగ్గం నిలిచిపోతుంది. కొత్తది అతికేదాకా నేసేవాడికి పని లేదు, కండెలు చుట్టే ఆడవాళ్లకూ లేదు. ఆ రెండు మూడు రోజులే నేతవాళ్లకు సెలవులు. పెళ్లిచూపులు, కదిరి నరసింహస్వామి దర్శనం, అనంతపురంలో సినిమా, తనకల్లులో ఉన్న ఆడబిడ్డను చూసి రావడం, అన్నీ ఆ సందులోనే కావాలి. చుట్టాలు వస్తామనుకుంటే ముందు "మీ పడుగు యాడికొచ్చింది?" అని కార్డు రాసేవాళ్లు.

మేమంతా చెప్పులు తొడుక్కుని బయటికి పోయే ఆ రోజుల్లోనే అత్త మా ఇంట్లోకి వచ్చి కూర్చునేది. మా ఇల్లయితే పక్కిల్లు, పక్కిల్లయితే ఎదురిల్లు. అమావాస్యకు మగ్గాలు ఆడవు, ఆ రోజన్నా ఆమెకు తీరిక కదా అంటే, ఆ రోజు అతికేస్తే మర్నాడు మగ్గం ఆడుతుందని ప్రతి ఇల్లూ ఆమె కోసమే కాచుకునేది. వీధిలో అందరూ సెలవు తీసుకునేటప్పుడే ఆమె పనిలో దిగాలని, ఆమెకు సెలవన్నదే రాదని నాకు చాలా ఏళ్లు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

ఆమె అసలు విద్య వేళ్లలో కాదు, మాటలో ఉండేది. పని మొదలుపెట్టే ముందు పడుగును అరచేతిలోకి ఎత్తి, ఒకసారి జారవిడిచి, ఇంట్లో వాళ్లందరినీ కలియజూసి, "రేపు మాపటికి" అనేది. లేకపోతే "ఎల్లుండి పొద్దున, రెండో ఆకువక్కకు" అనేది. గడియారం చూడ్డం రాదు. ఆకువక్కలే ఆమె కొలత. ధర్మవరం నుంచి అనంతపురానికి రైల్లో ఒకటిన్నర ఆకువక్క. అన్నం ఉడకడానికి సగం. చెప్పిన వేళ ఒక్కసారి తప్పింది లేదు. దాంతో వీధి జనానికి ఆమె మాట మీద గురి కుదిరింది, పడుగుల గురించే కాక లోకంలో ఉన్న ప్రతి పనికీ ఎంతసేపు పడుతుందో ఆమెను అడగడం మొదలుపెట్టారు.

పెళ్లయిన కొత్తలో మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. అత్త గడపలో నిలబడి మా అమ్మను ఒకసారి, మా అత్తగారిని ఒకసారి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"మీయమ్మను మూడు దినాలుంచుకో పాపా. నాలుగో దినం వద్దు."

"ఏంటికత్తా?"

"నాలుగో దినం మీ అత్త నెయ్యిగిన్నె ఎత్తి దాస్తాది. చూస్తే మీయమ్మ మనసు కష్టపెట్టుకుంటాది."

నేను కోపం తెచ్చుకుని మా అమ్మను ఐదు రోజులు ఉంచాను. నాలుగో రోజు మధ్యాహ్నం పప్పన్నం ముందు కూర్చున్న మా అమ్మకు నెయ్యి వెయ్యబోతే గిన్నె కనపడలేదు. అటకమీద, బియ్యం డబ్బా వెనకాల దొరికింది. అప్పటినుంచి నేను కూడా అందరిలాగే ఆమె మాటకు లొంగిపోయాను.

చావింట్లో కూడా ఆమె మాటే. ఏడ్చే ఆడవాళ్ల మధ్య కాసేపు కూర్చుని, తనూ ఏడ్చి, హఠాత్తుగా ముక్కు చీది, "సాలు. లేసి రవ్వంత కాఫీ తాగండి. తమ్ముడు బళ్లారి నుంచి రావల్ల, వచ్చినాక మళ్లా ఏడ్వాల్సుంటాది, దానికి బలం వద్దా?" అనేది. ఎవరూ తప్పుగా అనుకునేవాళ్లు కాదు. నిజంగానే లేచి కాఫీ తాగేవాళ్లు.

డెబ్బైల చివర్లో ఒక ఏడు తుఫాను వాన మా మీదికి దారితప్పి వచ్చింది. మా దిక్కున వాన అంటే మబ్బు కనపడి, నాలుగు చినుకులు రాలి, "పోయొస్తా" అని పోయేదే. ఆ ఏడు మాత్రం నాలుగు రోజులు విడవకుండా పట్టింది. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంతల్లోకి నీరు ఊరింది. ఐదో రోజు ఎండ కాస్తే జనమంతా చెరువు కట్ట మీదికి పరుగెత్తారు. చెరువు నిండింది. నేను కాపురానికి వచ్చాక దాంట్లో అన్ని నీళ్లు ఎప్పుడూ చూడలేదు.

చెరువు నడిమధ్యలో గుండ్లమిట్ట అని ఒకటుండేది. పెద్ద పెద్ద రాతిగుండ్లు, రెండు తుమ్మచెట్లు. ఎండిన చెరువులో నడిచిపోయి మేకలు మేపేవాళ్లు, మగవాళ్లు పేకాడేవాళ్లు, మేము పిడకలకని పేడ ఏరుకొచ్చేవాళ్లం. దాన్ని చూడ్డానికి ఎవరూ ఎప్పుడూ పోలేదు, అందులో చూసేదేమీ లేదు. ఇప్పుడు దాని చుట్టూ నీళ్లు. పొద్దున్నే కట్టమీద నిలబడి జనం దాన్ని కొత్తగా చూస్తున్నారు. "నాలుగు పక్కలా నీళ్లుంటే దాన్ని దీవంటారు" అని నేను పదో తరగతి చదువును ఒక్కసారి బయటికి తీశాను. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాటికి గుండ్లమిట్ట అన్న పేరు ఎవరి నోటా లేదు. దీవి.

వారం లోపలే చేపల కోసమని తుంగభద్ర దిక్కు నుంచి ఒకతను పుట్టి తెచ్చాడు. పుట్టి అంటే వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పెద్దబుట్ట, అదే పడవ. చేపల కన్నా మనుషులే ఎక్కువ ఎక్కుతామంటుంటే, అతను చేపలు మానేసి మనుషులను మోయడం పట్టాడు. ఇంక వీధిలో ఎవరి పడుగు అయిపోతే వాళ్లకు కదిరి వద్దు, సినిమా వద్దు, దీవే కావాలి. దీవిలో ఎంతసేపుండాలి? ఎవరికీ తెలియదు. ఎవరూ ఎప్పుడూ దీవికి పోయినవాళ్లు కాదు. అత్త దగ్గరికే పోయారు.

ఆమె మొదట నవ్వింది. "ఆ రాళ్ల మీద నా చిన్నప్పుడు పేడ ఎత్తినాం. దానికేం చూసేదప్పా, రవ్వంత సేపు చాలు." కానీ జనం వదలరే. దాంతో పడుగును చూసినట్టే ఒక్కో కుటుంబాన్నీ చూసి చెప్పడం మొదలుపెట్టింది.

ఎదురింటి మొగుడూ పెళ్లాలకు, "మీకు ఒక ఆకువక్క. రెండో ఆకు తుంచేటప్పటికి మీకు కొట్లాట వస్తాది, ఆడ విడిపిచ్చేదానికి మనిషుండడు" అంది. వాళ్లు లెక్క చెయ్యకుండా సగం పూట ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు పుట్టిలో ఇద్దరూ రెండు వైపులకు తిరిగి కూర్చోవడంతో అది ముందుకు పోకుండా ఒకే చోట గిర్రున తిరిగిందట. పుట్టి అతనే వచ్చి చెప్పాడు.

చీరల వ్యాపారం చేసే శెట్టిగారింటి వాళ్లకు దినమంతా ఉండమని చెప్పింది. "మీకు ఇంట్లో కూర్చున్నా ఆడ కూర్చున్నా ఒకటే, ఎటూ లెయ్యరు కదా" అంది. శెట్టిగారి భార్య దానికి నొచ్చుకోలేదు, నలుగురికి సరిపడే చిత్రాన్నం, బొరుగులు, పెద్ద జంబుఖానా, రెండు బిందెల నీళ్లు పుట్టిలోకి ఎక్కించింది.

పుట్టి అతను బిందెలను చూసి తెడ్డు కింద పెట్టాడు. "ఏనమ్మా, నీళ్లలోకి పోతా నీళ్లేంటికి ఎత్తుకొస్తిరి?"

ఆమె చుట్టూ ఉన్న నీళ్లను చూసింది, బిందెలను చూసింది, కానీ దించలేదు. "అలవాటప్పా" అంది. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లు ఎవరైనా అదే చేస్తారు. మేము పోయినప్పుడు నేను కూడా ఒక చెంబు పట్టుకెళ్లాను, ఆ సంగతి మా ఆయనకు తెలియకుండా కొంగు కప్పాను.

మాకు అత్త ఒక పూట చెప్పింది. "మీ ఆయన మొదట రాళ్లు ఎక్కుతాడు, తర్వాత తిండి తింటాడు, ఆ తర్వాత మగ్గం గుర్తొస్తాది" అంది. అచ్చం అట్లాగే అయింది. మేము తిరిగి ఇంటికి వచ్చేటప్పటికి అత్త మా మగ్గం ముందే ఉంది. పడుగు సగానికి పైగా అతికేసింది. నేను కాళ్లు కడుక్కుని పక్కన కూర్చున్నాను.

"ఆడ నుంచి మన ఊరు ఎట్ల కనపడతాది పాపా?" అని అడిగింది.

"కనపడతాదత్తా. కట్ట, చెట్లు, మిద్దెలు."

"అట్ల కాదు. ఎంతుంటాది? మన వీధి తెలుస్తాదా? పొయ్యి పొగలు తెలుస్తాయా? రైలు వస్తే ఆడికి వినపడతాదా?"

నేను ఇవేవీ చూడలేదు. మా ఆయన రాళ్లెక్కుతూ ఎక్కడ పడతాడో అని అతని వెనకాలే తిరిగాను. ఆ మాటే చెప్పాను. అత్త "సరేలే" అని మళ్లీ పోగులందుకుంది. తర్వాత తెలిసింది, తిరిగొచ్చిన ప్రతివాళ్లనూ ఆమె ఇదే అడుగుతోందని. ఎవరూ చూసి రాలేదు. అప్పుడు నేను ఊరుకోలేక అడిగేశాను.

"నువ్వెప్పుడు పోతావత్తా? నీకు ఎంతసేపు కావాల?"

మెలి తిప్పే వేళ్లు ఆగిపోయాయి. నేను చూస్తుండగా ఆమె వేళ్లు ఆగడం అదే మొదటిసారి. "నాకేంటికిలే పాపా" అంది. వీధిలో అందరికీ లెక్క చెప్పిన మనిషికి తన లెక్క తెలియలేదు. ఇన్నేళ్లుగా మా సెలవులన్నీ ఆమె వీపు మీద కూర్చుని గడిపామని అప్పుడు అర్థమైంది.

దానికి తోడు తన కాళ్లకు తనే అడ్డం వేసుకుంది. ఒకరోజు కట్టమీద నిలబడి, తూములోంచి పొలాలకు పారే నీటిని, గుండ్ల మీద దిగిన తడి గుర్తును చూసి, "మాఘమాసం నడిమికి దీవి పోతాది, మళ్లా మిట్టే" అని ప్రకటించింది. ఆమె మాటకు తిరుగులేదని అందరికీ తెలుసు. ఆ లోపల ఇంకొకసారి పోవాలని మగవాళ్లు మగ్గాలను ఉరికించారు. ఎప్పుడూ లేనట్టు వీధిలో పడుగులన్నీ ఒకదాని మీద ఒకటి అయిపోసాగాయి. ఒక ఇంట్లో కూర్చుంటే ఇంకో ఇంటి నుంచి కేక. "పిన్నమ్మా, మా పడుగు!" "అక్కా, మాది నిన్ననే అయిపాయె!" అత్త ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయేటప్పుడు దగ్గరి దారి మానేసి కట్ట మీదుగా పోయేది. నీళ్లు ఎంత దిగాయో చూసుకుంటూ పోయేది. నేను రెండుసార్లు చూశాను.

మాఘమాసం వచ్చి పది రోజులయింది. దీవికీ ఒడ్డుకూ మధ్య ఒకచోట బురద నేల కనపడుతోంది. ఇంకో వారం కూడా లేదు. అప్పుడు మా మూడో చీర అయిపోయింది. ఎక్కించాల్సిన కొత్త పడుగు శెట్టిగారింట్లో పెళ్లిచీరలకు, ఆలస్యం కాకూడదు. అత్త పొద్దున్నే బూడిద పొట్లంతో వచ్చి కూర్చోబోతుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"నువ్వు దీవికి పో అత్తా. ఈ పడుగు నేనతుకుతా."

మా ఆయన గుంతలోంచి తల ఎత్తాడు. "నువ్వా? నీ జాకెట్టు గుండీ నువ్వు కుట్టుకోలేవు. పెండ్లిచీరే అది! పెద్దమ్మా, దీని మాట పట్టిచ్చుకోవద్దు, కూర్చో."

"ఇన్నేండ్లు పక్కన కూర్చోని చూస్తి. నాకు రాదా?" అన్నాను.

"చూస్తే వచ్చేట్లయితే నేను సినిమాలో రాజును."

"నువ్వు గమ్మునుండు. అత్తా, నువ్వు కూర్చున్నావంటే ఈ పూట నేను మా పుట్టింటికి పోతా."

మా అత్తగారు వంటింట్లోంచి "పోనీలేరా, దానికీ ఒకసారి వేళ్లు నొప్పి పుట్టనీ" అంది. ఆమె నా తరఫున మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు.

అత్త మా ముగ్గురి మొహాలూ చూసింది. కొత్త పడుగును అరచేతిలో ఎత్తి, జారవిడిచి, నా వైపు తిరిగింది. "పాపా, దీన్ని నువ్వు అతికితే..." అని ఆగిపోయింది. ఎంతసేపు పడుతుందో, ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది. "ఒక ఆకువక్క సేపు పోయొస్తా. అంతకు మించి ఆడ చూసేదేముండాది? ఎండ ఎక్కేలోగా వస్తా" అని, బూడిద పొట్లం నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు.

నేను కూర్చున్నాను. మొదటి వంద పోగులకు వేళ్లు మండాయి. రెండో వందకు నడుము పోయింది. ఎండ ఎక్కింది, అత్త రాలేదు. మధ్యాహ్నానికి నేను పావు భాగం అతికి, గర్వంగా "చూడు" అన్నాను. మా ఆయన నెమ్మదిగా పడుగును ముందుకు లాగాడు. చినుకు పడినప్పటి చప్పుడులా పోగులు టపటపమని తెగాయి. తెగినవి కొన్ని, తెగనివాటిలో వరస తప్పి ఒకదాని చోట ఒకటి చేరినవి కొన్ని. మా ఆయన మొహం చూసి నేను ఏడుపు మొదలుపెట్టాను. అతను నన్ను తిట్టడానికి కూడా ఆగకుండా చెరువు వైపు పరుగెత్తాడు. వెనకాలే నేను. మమ్మల్ని చూసి సగం వీధి.

కట్ట మీద నుంచి చూస్తే నీళ్లకవతల పెద్ద గుండు మీద అత్త కూర్చుని ఉంది. మా వైపే తిరిగి ఉంది. రెండు కాళ్లూ చాపుకుంది. చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి.

"పెద్దమ్మా! పడుగంతా తెగిపాయె! రా!" మా ఆయన అరిచాడు. పక్కింటాయన కూడా అరిచాడు. మా అత్తగారు "అక్కా" అని కేక వేసింది. శెట్టిగారింటి మనిషి వచ్చి సంగతి తెలుసుకుని అతనూ గొంతు కలిపాడు. ఆ గోలకు తుమ్మచెట్ల మీది కొంగలన్నీ లేచిపోయాయి. అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని, కొంగలు పోయిన వైపు చూసింది. మళ్లీ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

పుట్టి అతన్ని పంపాం. పోయి ఒంటరిగా తిరిగి వచ్చాడు. "ఆయమ్మ బరల్లంట, రానంటాది. ఇంకొంచెం సేపంటాది." మళ్లీ పంపాం. మళ్లీ ఒంటరిగానే వచ్చాడు. మూడోసారి పొమ్మంటే అతను తెడ్డు పక్కన పెట్టి కూర్చుని, "నేను పోనప్పా. ఎంత నెమ్మదిగా ఉండాది ఆయమ్మ! మీకేం, ఈడ అరుస్తాండారు" అన్నాడు. మా ఆయన ఆ మాటకు అరవడం మానేశాడు. జనం ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. నేను మాత్రం కట్టమీదే ఉన్నాను. నా తప్పు వల్ల పెళ్లిచీర ఆలస్యమవుతుందన్న భయం ఒక పక్క. ఆమె రాకూడదని, ఇంకా కాసేపు అక్కడే ఉండాలని కోరిక ఇంకో పక్క. ఆ కోరికే గెలిచింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

పొద్దు వాలాక వచ్చింది. మా ఆయన ఎదురు పోయి, "పెద్దమ్మా, పడుగు..." అన్నాడు. "రేపొస్తానప్పా. ఈ దినం నాకు సెలవ" అని ఇంటికి పోయి తలుపు వేసుకుంది.

నాలుగు రోజుల తర్వాత బురద మీదుగా మేకలు నడిచి మిట్ట మీదికి పోయాయి. ఆ తర్వాత నేను ధర్మవరంలో ఉన్నన్నాళ్లూ చెరువు అంత నిండలేదు. ఎనభైల నడుమ, వరసగా కరువులు పడ్డ రోజుల్లో అత్త పోయింది. మంచాన పడి మూడు రోజులంది, మూడు రోజులే ఉంది. ఆ రోజు ఊరంతా ఏడ్చింది కానీ, లేచి కాఫీ తాగమని చెప్పే మనిషి లేక ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియలేదు. నేనైతే ఇప్పటికీ పూర్తిగా ఆపలేదు. కానీ ఆమెను తలచుకుంటే నాకు ఆ చావు గుర్తు రాదు. దీవి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున గుర్తొస్తుంది.

అన్న మాట ప్రకారం తెల్లారగానే వచ్చింది. నేను అతికినవన్నీ ఒక్కొక్కటే విప్పుతూ, "ఇది అతుకా, మేకను కట్టే ముడా?" అని నవ్వుతూ కూర్చుంది. మా ఆయన అటు పోయేదాకా ఆగి, నేను దగ్గరికి జరిగాను.

"ఒక ఆకువక్క సేపంటివి కదత్తా. ఎంతసేపుంటివి?"

"చూసుకోల్యా పాపా" అంది. వేళ్లు మెలి తిప్పుతూనే ఉన్నాయి. మొహం మాత్రం చాలా తేటగా ఉంది. "ఊరంతా అరచేతిలో పట్టేంతే ఉండాది. మన వీధి తెలియనే తెలియల్యా."

"మేమంతా కట్టమీద నుంచి అంతగా పిలిస్తిమే, నీకు వినపడల్యా?"

"వినపడకేం, నీళ్ల మీద మాట బాగా వస్తాది." ఆమె ఒక పోగు అతికి, ఇంకోటి అందుకుంది. "ఎవురో పాపం, దినమంతా పిలిపిచ్చుకుంటాండాది, ఒక్క పూటన్నా ఆమెను గమ్మున కూర్చోనీరా ఈ జనం, అనుకుంటి."